గోళీ లూప్ దాటడం లేదా? రోలర్ కోస్టర్ మోడల్‌కు మరమ్మతులు

ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టాన్ని నిలువునా రెండుగా కోస్తే గోళీకి మంచి ట్రాక్ వస్తుంది. సైన్స్ ఫెయిర్ ముందురోజు గోళీ మొరాయిస్తే పిల్లలు ముందుగా చేసే పని స్టార్టింగ్ ఎత్తు పెంచడం. దాంతో లూప్ (ట్రాక్ నిలువుగా తిరిగే చుట్టు) దాటినా, తర్వాతి గుట్ట మీద గోళీ ఎగిరిపోతుంది. ఎత్తు జోలికి చివర్లో వెళ్లండి.

లూప్ పైదాకా వెళ్లి కింద పడుతోంది

ముందు లూప్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని గోళీ వదలండి. ఇప్పుడు దాటిందా? అయితే తప్పు ఎత్తుది కాదు, ఊగుతున్న లూప్‌ది. గోళీ శక్తిని ఆ ఊపే తినేస్తోంది. లూప్‌ను ఇరువైపులా అట్టకు టేపుతో బిగిస్తే సరి.

అప్పటికీ పడుతుంటే లెక్క చూడండి. లూప్ అడుగు నుంచి స్టార్టింగ్ ఎత్తు వ్యాసార్థానికి 2.5 రెట్లు ఉంటే చాలని పుస్తకంలో ఉంటుంది. అది ఘర్షణ లేకుండా జారే వస్తువుకు. గోళీ దొర్లుతుంది కాబట్టి దాని గతిశక్తిలో 2/7 వంతు తన చుట్టూ తాను తిరగడానికే పోతుంది. అందుకే కనీసం 2.7 రెట్లు కావాలి. ఫోమ్ ఘర్షణ దీనికి అదనం. 30 సెం.మీ. ఎత్తు లూప్‌కు 60 సెం.మీ.తో మొదలుపెట్టమని నా సలహా. బరువైన గోళీ వేస్తే దాటుతుందా అని అడుగుతుంటారు. ఈ లెక్కలో ద్రవ్యరాశే లేదు.

ఇంకో మార్గం లూప్ ఆకారం మార్చడం. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో పెట్టిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అనే రోలర్ కోస్టర్ లూప్ గుండ్రంగా ఉండేది. చదును ట్రాక్ నుంచి ఒక్కసారిగా వంపులోకి వెళ్లేసరికి ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలో వచ్చిన రెవల్యూషన్ అనే కోస్టర్ లూప్‌కు ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్ నీటిబొట్టు ఆకారం ఇచ్చారు. అడుగున వంపు మెల్లగా మొదలవుతుంది, పైన వ్యాసార్థం తగ్గుతుంది. పైన వ్యాసార్థం తగ్గితే పడకుండా ఉండటానికి కావాల్సిన వేగమూ తగ్గుతుంది. మీ లూప్ పైభాగాన్నీ రెండు పక్కల నుంచి కాస్త నొక్కి చూడండి.

రెండో గుట్ట ఎక్కలేక వెనక్కి వస్తోంది

గుట్ట స్టార్టింగ్ కంటే తక్కువ ఎత్తులోనే ఉన్నా ఇలా జరిగితే అతుకుల మీద వేలితో నిమరండి. గోళీ వెళ్లే దిశలో చిన్న మెట్టు తగిలినా వేగం పోతుంది. ముందు ముక్క పై నుంచి తర్వాతి ముక్క మీదికి గోళీ దిగేలా అతికించండి, ఎక్కేలా కాదు. టేపు ముడతలు లోపలివైపు ఉండకూడదు.

వెనక్కి జారడం అసలు కోస్టర్లకూ తప్పలేదు. న్యూజెర్సీలోని కింగ్‌డా కా గంటకు 206 కి.మీ. వేగంతో బయల్దేరి 139 మీటర్ల శిఖరం ఎక్కేది. ఒక్కోసారి కొద్దిలో ఆగి వెనక్కి వచ్చేసేది. అలా వచ్చిన బండిని ఆపడానికి బయల్దేరే ట్రాక్ మీదే బ్రేకులు పెట్టారు.

గుట్ట మీద ఎగిరిపోతోంది

ఇది వేగం ఎక్కువై వచ్చే తంటా. అసలు బండ్లకు పట్టా కింద కూడా చక్రాలుంటాయి, కోస్టర్ డిజైనర్ జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ తీసుకున్న ఆలోచన అది. గోళీకి ఆ పట్టు లేదు. కాబట్టి గుట్ట శిఖరం వెడల్పుగా ఉండాలి. స్టార్టింగ్ కంటే శిఖరం 20 సెం.మీ. కిందుంటే, అక్కడి వంపు వ్యాసార్థం సుమారు 29 సెం.మీ. కంటే ఎక్కువ ఉండాలి. ఘర్షణ వల్ల కొంచెం తగ్గినా నడుస్తుంది.

మలుపులో బయటికి పడుతుంటే ట్రాక్ బయటి అంచు ఎత్తండి, అంతే.

ఒకసారి దాటుతుంది, ఒకసారి దాటదు

టెన్షన్‌లో వేలితో తోసేస్తున్నారేమో గమనించండి. స్కేలును గేటులా అడ్డం పెట్టి, దాన్ని పైకి లాగండి. గోళీ దానంతట అదే బయల్దేరాలి. పదిసార్లు వదిలి, ఎన్నిసార్లు దాటిందో చార్టు మీద రాసిపెట్టండి. జడ్జీలు అడిగేది అదే.