అమెరికా గ్యారేజీలో మిగ్ వెల్డింగ్: మన జిల్లాల నుంచి కొత్తగా వెళ్లేవారికి

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు ధాన్యం పోసే హాపర్లు, దాన్ని పైకెత్తే ఎలివేటర్ గొట్టాలు చేసే షాపులో నేను పని నేర్చుకున్నాను. తర్వాత తొమ్మిదేళ్లు డాలస్ దగ్గర ఉండి, రెండేళ్ల కిందట నల్లగొండకు తిరిగి వచ్చాను. సూర్యాపేట, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో వెళ్లే పిల్లలు బయలుదేరే ముందు వచ్చి కలుస్తుంటారు. వారిలో ట్రాక్టర్ ట్రాలీలు, ఇనుప గేట్లు చేసే ఇళ్లలో పెరిగినవారు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "అన్నా, అక్కడ ఇంట్లో వెల్డింగ్ మెషిన్ పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చు. నేను ఇక్కడ చెప్పేది మిగ్ మెషిన్ గురించి, అంటే రాడ్డు బదులు చేతి గన్‌లోంచి సన్నటి వైరు ఆగకుండా వచ్చి కరిగి ఇనుమును అతికేది. మీ చేతికి వచ్చిన పని ఏ దేశంలోనైనా మీదే. షాపులో పట్టిన అలవాట్లను మాత్రం ఇక్కడే వదిలి వెళ్లండి. అక్కడి ఇల్లు వేరు, కరెంటు వేరు, చట్టం వేరు.

ముందు ఇంటి సంగతి. మనకు ఇటుక గోడ, స్లాబు, కింద తాండూరు బండ. నిప్పురవ్వ పడితే దానంతటదే చల్లారుతుంది. అమెరికాలో ఎక్కువ ఇళ్లు చెక్క చట్రం మీద నిలబడతాయి. గోడ అనుకుని మనం తట్టేది జిప్సం పలక. దాని వెనుక ఉండేది కర్ర. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటుంది, పైన పడకగది కూడా ఉండవచ్చు. గడ్డి కోసే యంత్రం, దాని పెట్రోలు డబ్బా, రంగు డబ్బాలు, సామాను వచ్చిన అట్టపెట్టెలు అన్నీ అక్కడే చేరతాయి. కొన్ని ఇళ్లలో గ్యాసుతో నడిచే నీళ్ల హీటరు కూడా గ్యారేజీలోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరికి దాని మంట ఒక్కటి చాలు, మీ నిప్పురవ్వ దాకా కూడా అక్కర్లేదు.

అందుకే అపార్టుమెంటులో ఉన్నంతకాలం ఈ ఆలోచన వద్దు. బాల్కనీలో వద్దు, పార్కింగులో అసలే వద్దు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట తర్వాత నిలవదు. సొంత ఇల్లయినా కాలనీ సంఘం నియమాలు, ఇంటి బీమా పత్రం ఒకసారి చదవండి. సొంత గ్యారేజీ దొరికేదాకా చేయి ఊరుకోకపోతే, చాలా ఊళ్లలో కమ్యూనిటీ కాలేజీలు సాయంత్రం వెల్డింగ్ తరగతులు నడుపుతాయి. మంచి యంత్రాలు, పొగ లాగే ఏర్పాటు, తప్పు చూపించే గురువు అన్నీ అక్కడ దొరుకుతాయి. పదేళ్లు రాడ్డు పట్టి వెల్డింగ్ చేసినవారు కూడా అలా మొదలుపెట్టడమే నాకు నచ్చుతుంది.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. పక్కింటాయన గేటు విరిగిందని పిలిచి, పని అయ్యాక చేతిలో డబ్బు పెడతాడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద, హెచ్-1బీ మీద ఉన్నవారు అనుమతి లేకుండా అలా సంపాదించకూడదు. యాభై డాలర్ల కోసం వీసాను పణంగా పెట్టవద్దు. మీ ఇంటికి మీరు చేసుకోండి, అక్కడితో ఆపండి.

ఇక కరెంటు. మన దగ్గర ఇంటి సాకెట్టులో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ గోడ సాకెట్టులో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడి నుంచి మెషిన్ మోసుకెళ్లవద్దు. విమానం బరువూ దండగే, అక్కడ మామూలు సాకెట్టులో అది నడవదు కూడా. అక్కడే కొనండి. 120 వోల్టుల చిన్న మిగ్ మెషిన్ మూడు మిల్లీమీటర్ల మందం దాకా నిశ్చింతగా అతుకుతుంది. అంతకు మించిన పని తరచూ ఉంటే 240 వోల్టులది తీసుకోండి. బట్టలు ఆరబెట్టే యంత్రానికి, విద్యుత్ పొయ్యికి ఆ వోల్టేజీ ఇంటికి ఎలాగూ వస్తుంది. మెషిన్‌కు విడిగా లైను, విడిగా బ్రేకరు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి.

మన షాపుల్లో ప్లగ్గు విరిగితే వైర్ల కొనలు సాకెట్టులో గుచ్చి, కదలకుండా అగ్గిపుల్లలు దూర్చడం మీరు చూసే ఉంటారు. నేనూ చేశాను. చెక్క ఇంట్లో ఆ వేడెక్కిన సందు గోడ లోపల ఏం చేస్తోందో మంట బయటికి వచ్చేదాకా తెలియదు. ఎక్స్‌టెన్షన్ తీగ తప్పదనుకుంటే పొట్టిది, లావుది కొనండి. అక్కడ తీగ మందం గేజీల్లో రాస్తారు, అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. 16 గేజీ సన్నది, అది వద్దు. 12 గాని 10 గాని కావాలి.

మెషిన్ మీద డ్యూటీ సైకిల్ అని ఒక శాతం రాసి ఉంటుంది. 20 శాతం అంటే ఆ ఆంపియర్ల వద్ద పది నిమిషాల్లో రెండు నిమిషాలే ఆర్క్ (ఇనుమును కరిగించే ఆ మెరుపు) నడపాలి, మిగతా ఎనిమిది నిమిషాలు దానికి విశ్రాంతి. మిల్లు పనిలో పొద్దంతా నడిచే పెద్ద మెషిన్లకు అలవాటుపడ్డ చేతికి ఇది కష్టంగా ఉంటుంది. ఆ ఎనిమిది నిమిషాల్లో తర్వాతి ముక్కను గ్రైండర్‌తో శుభ్రం చేసుకోండి. రాడ్డు తుప్పునూ పెయింటునూ కొంత ఓర్చుకుంటుంది, మిగ్ ఓర్చుకోదు. ఇనుము వెండిలా మెరిసేదాకా రుద్దాలి. ఎర్త్ క్లాంపు కూడా అలా మెరిసిన చోటే, పని ముక్క మీదే పట్టించాలి. కింద సలాక పరిచి దానికి ఎర్త్ తగిలించే పద్ధతిని మరిచిపోండి.

ఇక్కడ మనం సీఓటూ వెల్డింగ్ అనేదీ ఈ పనే. కరిగే చోట గాలి తగలకుండా గన్‌లోంచి గ్యాసు వదులుతారు. మామూలు ఇనుముకు అక్కడ ఎక్కువగా వాడేది 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. ఉత్త కార్బన్ డయాక్సైడ్ చవక, లోతుగా దిగుతుంది, కానీ రవ్వలు ఎక్కువ చిమ్ముతుంది. అల్యూమినియానికి శుద్ధ ఆర్గాన్. రెగ్యులేటర్ మీద లీటర్ల బదులు గంటకు ఇన్ని ఘనపుటడుగులు అని ఉంటుంది. 20 నుంచి 25 పెడితే మనం ఇక్కడ నిమిషానికి పెట్టే 10, 12 లీటర్ల లెక్కకు సరిపోతుంది. ఎక్కువ గ్యాసు వదిలితే మంచిదనుకోవద్దు. అది సుడులు తిరిగి గాలిని లోపలికి లాగి, బీడ్ (కరిగి గడ్డకట్టిన అతుకు గీత) నిండా చిల్లులు పెడుతుంది. ఫ్యాను గాలి తగిలినా అంతే.

ఆర్గాన్ కలిసిన గ్యాసు నిండిన సిలిండర్‌లో 2000 పీఎస్ఐకి పైగా ఒత్తిడి ఉంటుంది. పడి వాల్వు విరిగితే అది తారాజువ్వలా లేస్తుంది. నిలబెట్టి గొలుసుతో కట్టండి, కదిలించేటప్పుడు మూత బిగించండి. కారు లోపల పెట్టుకుని తీసుకురావద్దు. ఆర్గాన్‌కు వాసన లేదు, గాలి కంటే బరువు. కారితే మూసిన కారులో ఊపిరాడక పోవడానికి ఎక్కువ సమయం పట్టదు. ట్రక్కు ఉన్న స్నేహితుణ్ని అడగండి.

వైరు విషయంలో మొదటి నెలలో జరిగే తప్పు ఒకటే. జడ్చర్ల నుంచి వచ్చిన ఒక తమ్ముడు గ్యాసు ఖర్చు ఎందుకని ఫ్లక్స్ వైరు తెచ్చుకున్నాడు. లోపల మందు నింపి ఉంటుంది కాబట్టి దానికి గ్యాసు అక్కర్లేదు. రెండు శనివారాలు గడిచాయి. రవ్వలు పేలాల్లా చిమ్మడం, బీడ్ పైనే ముద్దగా కూర్చోవడం తప్ప అతుకు పడలేదు. మెషిన్ చెడిందని నాకు ఫోన్ చేశాడు. వెళ్లి పక్క తలుపు తెరిచి చూస్తే గన్ తీగ ప్లస్‌లోనే ఉంది. గ్యాసుతో వాడే గట్టి వైరుకు గన్ ప్లస్, ఎర్త్ మైనస్. గ్యాసు లేని ఫ్లక్స్ వైరుకు గన్ మైనస్, ఎర్త్ ప్లస్. రెండు నట్లు విప్పి తీగలు మార్చాం. మరుక్షణం నుంచి ఆర్క్ కుదురుగా నడిచింది.

గట్టి వైరులో ఈఆర్70ఎస్-6 రకం అన్నిచోట్లా దొరుకుతుంది. పల్చటి రేకుకు 0.6 మిల్లీమీటర్లు, మామూలు పనికి 0.8. గన్ కొనన వైరు బయటికి వచ్చే టిప్పు సైజు, వైరును తోసే రోలర్ గాడి ఆ వైరుకు తగినట్టే ఉండాలి. రోలర్‌ను మరీ బిగిస్తే వైరు నలుగుతుంది, వదులుగా ఉంటే జారుతుంది. చేతికి తోలు గ్లవ్ వేసుకుని, గన్‌ను చెక్క ముక్క వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూడండి. వైరు చెక్కకు తగిలి ఆగకుండా వంకీ తిరుగుతూ బయటికి వస్తే బిగింపు సరిపోయింది.

వోల్టేజీ, వైరు వేగం ఎంత పెట్టాలో చెప్పే పట్టిక చాలా మెషిన్లకు పక్క తలుపు లోపలే అతికించి ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. సరైన ఆర్క్ సకినాలు వేగుతున్న నూనెలా ఒకే ధాటిగా చిటపటలాడుతుంది. టకటకమంటూ గన్ మీ చేతిని వెనక్కి తోస్తుంటే వైరు వేగం ఎక్కువైంది. వైరు కాలి గుండుగా టిప్పుకే అంటుకుంటే వేగం చాలలేదు. టిప్పు నుంచి వైరు ఒక సెంటీమీటరు బయట ఉండాలి. గ్యాసుతో అయితే గన్‌ను కొద్దిగా వంచి ముందుకు తోస్తూ వెళ్లండి. ఫ్లక్స్ వైరుకు రాడ్డు లాగినట్టే వెనక్కి లాగండి. ముందు అక్కడక్కడ చుక్కల్లా టాకాలు వేసి, రెండు పనికిరాని ముక్కలు అతికి, వైస్‌లో బిగించి సుత్తితో వంచండి. మిగ్ బీడ్ పైకి చూడముచ్చటగా ఉండి లోపల పట్టుకోకపోవచ్చు. రాడ్డు పని చేసినవారు మోసపోయేది అక్కడే. అందుకని కారు చట్రం, ట్రెయిలర్ కొక్కెం, జాకీ స్టాండు లాంటి బరువు మోసేవాటి జోలికి మొదట్లో వెళ్లవద్దు. పెట్రోలు ట్యాంకు, మూసిన డ్రమ్ము ఖాళీగా కనిపించినా ఎన్నడూ ముట్టవద్దు.

కళ్ల గురించి మీకు చెప్పనక్కర్లేదని అనుకోను. తల పక్కకు తిప్పి టాకా కొట్టడం మనందరికీ అలవాటే. ఆ వెలుగు దెబ్బ అప్పుడు తెలియదు. రాత్రి నిద్రలో కళ్లలో ఇసుక పోసినట్టు మంటతో లేస్తారు. తల్లిపాల చుక్కలు, బంగాళదుంప ముక్కలు వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. దానంతటదే నల్లబడే హెల్మెట్ కొని, దాని అద్దం నలుపును చెప్పే షేడ్ అంకెను 10 నుంచి మొదలుపెట్టండి. దాని కింద కూడా కళ్లజోడు ఉండాలి, గ్రైండింగ్ రజను హెల్మెట్ ఎత్తినప్పుడే కంట్లో పడుతుంది. నూలు చొక్కా, తోలు బూట్లు వేసుకోండి. పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. పిల్లలు చూడటానికి వస్తారు, వారికి అడ్డంగా వెల్డింగ్ తెర కట్టండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలు ఊరి నుంచి వచ్చి ఉంటే, వారిని ఆ దరిదాపులకు రానివ్వవద్దు.

జింకు పూత ఉన్న జీఐ పైపు అతికితే జింకు పొగ వస్తుంది. కొన్ని గంటలకు చలి జ్వరం, ఒళ్లు నొప్పులు. పాలు తాగితే పోతుంది, బెల్లం తింటే దిగుతుంది అనే మాట నేనూ విని పాటించాను, అది నిజం కాదు. పూతను అతుకు చుట్టూ మాస్కు పెట్టుకుని గీకేయండి, గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తండి. ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. కార్ల బ్రేకులు కడిగే స్ప్రేలలో క్లోరిన్ కలిపిన రకం ఒకటి దొరుకుతుంది. దానితో తుడిచిన ఇనుము మీద ఆర్క్ పెడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులను చంపడానికి వాడిన వాయువు అదే. వెల్డింగ్ చేసే గదిలో ఆ డబ్బానే ఉంచవద్దు.

చివరిగా నిప్పు. మా మిల్లు పనిలో ఒక సాయంత్రం ఎలివేటర్ కాలు అతికి, సామాను సర్దుకుని వెళ్లాం. ఒక రవ్వ పక్కనున్న ఊక కుప్పలో పడింది. పొగ లేదు, వాసన లేదు. నివురు గప్పినట్టు లోపల్లోపలే పాకి, నడిరాత్రి మంటగా లేచింది. కాపలా మనిషి మెలకువగా ఉండబట్టి మిల్లు మిగిలింది. చెక్క ఇంట్లో రంపపు పొట్టు, అట్టపెట్టె, గోడ సందు అన్నీ ఊక కుప్పలే. చుట్టూ 35 అడుగుల మేర అంటుకునేవి తీసేయాలని అక్కడి నియమం. చిన్న గ్యారేజీలో అంత చోటు ఉండదు. తీయగలిగినవి బయట పెట్టండి, తీయలేనివాటిని వెల్డింగ్ దుప్పటితో కప్పండి, వీలైతే మెషిన్‌ను బయట సిమెంటు దారి మీదికి తెచ్చుకోండి. పొడి మందు ఉన్న ఏబీసీ రకం ఆర్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి.

పని అయ్యాక సిలిండర్ వాల్వు మూసి, గొట్టంలో మిగిలిన గ్యాసు వదిలి, మెషిన్ ఆపి, ఒక గంట అక్కడే ఉండండి. నేను ఎనిమిదికి ఆపి, గ్యారేజీ లైటు తీసేసి కుర్చీ వేసుకునేవాణ్ని. చీకట్లో ఎంత చిన్న నిప్పు కణికైనా కనిపిస్తుంది. మధ్య మధ్య లేచి గోడ పలకలను అరచేతి వెనుక భాగంతో తాకి చూసేవాణ్ని. ఎండాకాలంలో మాకు రాత్రి తొమ్మిదైతే మిర్యాలగూడలో ఉదయం ఏడున్నర. అమ్మ వాకిలి ఊడ్చి, టీ పెట్టుకుని నా ఫోన్ కోసం చూస్తుండేది. ఆ గంట చివర్లో, చీకటి గ్యారేజీలో కూర్చునే ఆమెతో మాట్లాడేవాణ్ని.