మిర్చి లోడు పికప్‌కు మైలేజీ రాబట్టడం: నా నోట్‌బుక్ చెప్పిన లెక్క

నాది నర్సంపేట. బొలెరో పికప్ కిరాయికి తిప్పబట్టి పదకొండేళ్లు. మొదటి నాలుగేళ్లు మైలేజీ ఎంత అని ఎవరడిగినా "పదకొండు, పన్నెండు ఇస్తది" అనేవాణ్ని. అది లెక్క కాదు, నోటికొచ్చిన మాట. ఒక వానాకాలం పోయాక కిరాయి డబ్బులన్నీ డీజిల్‌కే పోతుంటే బండిని ఒక షాపులో చూపించాను. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయి, ముప్పై వేల పైనే అవుతుంది అన్నారు. ఆ డబ్బు సర్దుకునేలోపే వెనుక టైరు పంక్చరైంది. జాకీ ఎత్తి చక్రం తిప్పితే తిరగలేదు. హ్యాండ్ బ్రేక్ కిందికే ఉంది. వాగు నీళ్లలోంచి రోజూ బండి తీసిన పాపానికి కేబుల్ తుప్పు పట్టి, డ్రమ్ములో బ్రేకు షూలు వదలకుండా పట్టుకున్నాయి. అంటే నెల రోజులు నేను బ్రేకు వేసుకునే బండి నడిపాను. కేబుల్ మార్చి, డ్రమ్ములు శుభ్రం చేయిస్తే ఇంజెక్టర్లు ముట్టకుండానే మైలేజీ తిరిగొచ్చింది.

ఆ రోజు నుంచి డ్యాష్‌బోర్డు మీద నోట్‌బుక్ పెట్టాను. మీరూ ముందు ఆ పని చేయండి, మిగతావన్నీ తర్వాత. ట్యాంకు ఫుల్ చేయించి, గన్ దానంతట అదే ఆగిన చోట ఆపేయండి. మీటరు రీడింగ్ రాసుకోండి. ట్యాంకు పావుకు వచ్చేదాకా తిప్పి, అదే బంకులో, అదే గన్‌తో మళ్లీ ఫుల్ చేయించండి. 492 కిలోమీటర్లు తిరిగి 41 లీటర్లు పట్టిందంటే లీటరుకు 12 వచ్చినట్టు. వెయ్యి రూపాయలు, ఐదు వందలు కొట్టించుకుంటూ పోతే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. పక్కనే ఏం లోడు, ఎంత ఎత్తు, ఏ రోడ్డు అని కూడా ఒక ముక్క రాయండి. బంకు మీద అనుమానం ఉంటే గొడవ అక్కర్లేదు. ప్రతి బంకులో 5 లీటర్ల కొలత పాత్ర ఉంటుంది. కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది.

బ్రేకు పట్టేసిందో లేదో మీరే చూసుకోవచ్చు. ఇరవై కిలోమీటర్లు నడిపాక దిగి, నాలుగు చక్రాల మధ్యభాగం దగ్గరికి అరచేయి తీసుకెళ్లండి, ముట్టుకోవద్దు. ఒక్క చక్రం మిగతా మూడిటికన్నా సెగ కొడుతుంటే అక్కడే ఉంది రోగం. చక్రం ఎత్తి చూడాలంటే చదునైన నేల మీద, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాకే హ్యాండ్ బ్రేక్ దించి, న్యూట్రల్ చేయండి.

ఇక నోట్‌బుక్ నాకు నేర్పిన అసలు సంగతి గాలి గురించి. హైదరాబాద్‌కు ఒకసారి టన్నున్నర బియ్యం తీసుకెళ్లాను, బస్తాలన్నీ క్యాబిన్ కంటే కిందే. ఆ తర్వాతి వారం ముప్పై బస్తాల చపాటా మిర్చి వేసుకుని అదే రోడ్డు మీద పోయాను. బరువు తక్కువే, ఎత్తు మాత్రం క్యాబిన్ దాటి మూడడుగులు. మిర్చి ట్రిప్పుకే డీజిల్ ఎక్కువ పట్టింది. రాసింది తప్పేమో అనుకుని ఇంకో రెండు ట్రిప్పులు చూశాను, అదే కథ. బరువు ఖర్చు బండి కదిలేటప్పుడు, ఎత్తైన రోడ్డు ఎక్కేటప్పుడు ఎక్కువ. హైవే మీద స్పీడు అందుకున్నాక ఇంజిన్ కొట్లాడేది ఎక్కువగా గాలితోనే. క్యాబిన్ పైన నిలువుగా లేచిన బస్తాల గోడ ఆ గాలికి ఎదురు నిలబడుతుంది.

అందుకే మిర్చి, పత్తి లాంటి తేలిక సరుకు ఎక్కించేటప్పుడు నేను దగ్గరే నిలబడతాను. ముందు వరుస క్యాబిన్ ఎత్తుకు మించకుండా, వెనక్కి పోయే కొద్దీ మెల్లగా పెరిగేలా వేయమని హమాలీలను అడుగుతాను. మొదట్లో విసుక్కునేవారు, ఇప్పుడు నా బండి చూస్తే వాళ్లే అలా వేస్తున్నారు. టార్పాలిన్‌ను తాడుతో బిగించి, అంచులు లోపలికి మడవండి. పటపట కొట్టుకునే టార్పాలిన్ కూడా గాలిని పట్టి బండిని వెనక్కి లాగుతుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు దాన్ని మడిచి సీటు వెనక పెట్టండి. వెనుక డోరు తెరిచి పెడితే గాలి సాఫీగా పోతుందని కొందరంటారు, అది నిజం కాదు. డోరు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ నిలిచి, పైగాలి దాని మీదుగా జారిపోతుంది. క్యాబిన్ మీది ఇనుప క్యారియర్ నేను తీసేయించాను. ఏడాదిలో రెండుసార్లు వాడే దానికి రోజూ డీజిల్ పోయడం ఎందుకు?

గాలితో పాటే స్పీడు. 60లో పోయే బండి 80 అందుకుంటే గాలి అడ్డు 1.78 రెట్లు అవుతుంది, స్పీడు పెరిగింది మూడో వంతే అయినా. నర్సంపేట నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర దగ్గర 40 కిలోమీటర్లు. దారంతా 80లో పోగలిగినా మిగిలేది పది నిమిషాలు. సీజన్లో ఆ పది నిమిషాలు మార్కెట్ గేటు ముందు లైన్లోనే పోతాయి. 55-60 మధ్య టాప్ గేర్‌లో పోండి. ఇంజిన్ దడదడలాడితే మాత్రం మొండిగా టాప్‌లోనే ఉంచకుండా ఒక గేరు దించండి.

టైర్ల విషయంలో మన దగ్గర ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది. ఏప్రిల్, మే ఎండల్లో టైరు పగులుతుందన్న భయంతో గాలి తగ్గిస్తారు. జరిగేది దానికి తలకిందులు. గాలి తక్కువైన టైరు లోడు కింద ఎక్కువ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది, పగిలేది అదే. డీజిలూ అదే ఎక్కువ తాగుతుంది. ఎన్ని పాయింట్లు పెట్టాలో కంపెనీ స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. ముందు టైర్లకు ఒకటి, లోడు మీద వెనుక టైర్లకు ఒకటి. పొద్దున్నే బండి కదలకముందు చూడండి. మధ్యాహ్నం వేడి మీద నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తే అది మామూలే, గాలి వదలొద్దు.

ఊళ్ల మీదుగా పోయేటప్పుడు చూపు దూరంగా ఉండాలి. గిర్నిబావి, ధర్మారం, ఎక్కడ చూసినా స్పీడ్ బ్రేకర్లే. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. దగ్గరిదాకా రేస్ ఇచ్చి బ్రేకు తొక్కడమంటే, స్పీడు కోసం తగలేసిన డీజిల్‌ను బ్రేకు షూలకు పోయడమే. రెండు వందల మీటర్ల ముందే రేస్ మీంచి కాలు తీసేయండి, గేరు మాత్రం తీయొద్దు. గేరులో ఉండి కాలు తీస్తే ఇప్పటి కంప్యూటర్ ఇంజిన్లు డీజిల్ పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. తాడ్వాయి అడవి దారి దిగుళ్లలో ఇంజిన్ ఆపేసి బండి వదిలే పిల్లలను చూశాను. దయచేసి ఆ పని చేయకండి తమ్ముళ్లూ. ఇంజిన్ ఆగితే బ్రేకుకు బలం ఇచ్చే బూస్టర్ రెండు మూడు తొక్కుళ్లకే ఖాళీ అవుతుంది, టన్నున్నర లోడు వెనక నుంచి నెడుతుంటుంది.

ఎయిర్ ఫిల్టర్ మార్కెట్ యార్డు దుమ్ముకు త్వరగా మూసుకుపోతుంది, నల్ల పొగ కనిపించేదాకా ఆగొద్దు. డీజిల్ ఫిల్టర్లో నీళ్లు చేరితే బయటికి తీయించండి. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండికి డీపీఎఫ్, అంటే పొగలో మసి పట్టే ఫిల్టర్, లైటు వెలిగితే మాన్యువల్‌లో చెప్పినట్టు చేయండి, వారాల తరబడి వదిలేస్తే మైలేజీతో పాటు జేబూ ఖాళీ అవుతుంది. మైలేజీ పెంచుతాయని ట్యాంకులో పోసే మందు సీసాలు రెండు రకాలు వాడి చూశాను, నోట్‌బుక్‌లో తేడా ఏమీ రాలేదు.

లోడు ఎక్కుతున్నంతసేపూ ఇంజిన్ ఆన్‌లో పెట్టే అలవాటు మానండి. గంట నిలబడితే అర లీటరు పైనే పోతుంది, చక్రం కదలకుండా. మేడారం జాతరకు పోయినప్పుడు జామ్‌లో రెండు గంటలు నిలిచాం. ముందు బండి కదిలినప్పుడే స్టార్ట్ చేశాను. హైవే మీద గట్టిగా లాగి వచ్చాక మాత్రం వెంటనే తాళం తిప్పకుండా ఒక నిమిషం ఆగండి, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో చల్లబడాలి.