పెద్దల జ్ఞాపకాల రికార్డింగ్, 3వ పాఠం: అడగడం, ఆగడం

రికార్డరు, మైకు, అనుమతి పత్రం సంగతులు పోయిన పాఠంలో చూశాం. రికార్డింగు రోజుకు ముందే ఒకసారి ఊరికే వెళ్లి పలకరించి రమ్మని కూడా చెప్పుకున్నాం. ఆ పనులన్నీ అయ్యాయనుకుందాం. ఇవాళ హోలోకాస్ట్ నుంచి, అంటే నాజీ జర్మనీ యూదుల్ని లక్షల్లో చంపిన మారణకాండ నుంచి, బతికి బయటపడిన ఆ పెద్దావిడ మీ ఎదురుగా కూర్చున్నారు, మైకు ఆన్‌లో ఉంది. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్నదే ఈ పాఠం.

ముందు ఎదుట ఉన్నది ఎవరో గుర్తుపెట్టుకోండి. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడి ఇప్పటికీ మన మధ్య ఉన్నవాళ్లలో ఎక్కువమంది అప్పటికి పిల్లలు. కొందరిని క్రైస్తవ మఠాల్లోనో పల్లెటూరి ఇళ్లలోనో వేరే పేరు పెట్టి దాచారు. 1938 డిసెంబరు నుంచి యుద్ధం మొదలయ్యేదాకా దాదాపు 10,000 మంది పిల్లల్ని తల్లిదండ్రులు లేకుండా బ్రిటన్‌కు పంపారు. ఏడేళ్ల పిల్లకు తేదీలు తెలియవు, అధికారుల పేర్లు తెలియవు. అమ్మ కోటుకున్న బొత్తాం గుర్తుంటుంది, దాక్కున్న గడ్డివాము వాసన గుర్తుంటుంది. అందుకే "ఏ సంవత్సరం?" అని అడిగే ముందు "అక్కడ మీకు ఏం కనిపించేది? ఏం వినిపించేది?" అని అడగండి. సంవత్సరం తర్వాత కాగితాల్లో వెతుక్కోవచ్చు. వాసన ఏ కాగితంలోనూ దొరకదు.

ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పని చేస్తున్న మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పాఠాలు మొదలుపెట్టినప్పుడు నా మనసులో ఉన్నది ముందుగా వాళ్లే. మీరు రోజూ అన్నం పెట్టే, మందులు ఇచ్చే చేతులతోనే ఈ పని కూడా చేయగలరు. కానీ ఆ చనువును ఆసరా చేసుకుని ఫోన్ జేబులో పెట్టుకుని దొంగచాటుగా రికార్డు చేయకండి. ఆవిడనూ అడగాలి, ఆవిడ పిల్లల్నీ అడగాలి. వయసు పైబడ్డాక కొందరికి చిన్ననాటి భాష తిరిగి వస్తుంది, హీబ్రూ వదిలేసి యిద్దిష్‌లోనో (తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష) పోలిష్‌లోనో మాట్లాడతారు. మీకు అర్థం కాకపోయినా ఆపకండి. టేపుకు ఎక్కితే చాలు, అర్థం చెప్పేవాళ్లు తర్వాత దొరుకుతారు.

మొదటి ప్రశ్న నాజీలు వాళ్లను బంధించిన క్యాంపు గురించి ఉండకూడదు. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. ఊరి దగ్గర కాస్త ఆగండి. ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్‌ను పోలిష్‌లో ల్వూఫ్ అనేవాళ్లు, జర్మన్‌లోనూ యిద్దిష్‌లోనూ లెంబర్గ్ అనేవాళ్లు. "మీ ఇంట్లో ఊరిని ఏమనేవాళ్లు?" అని అడిగితే ఆ ఒక్క పేరుతోపాటు ఇంటి భాష, ఇరుగుపొరుగు, బడి అన్నీ వరసగా వచ్చేస్తాయి. శుక్రవారం సాయంత్రం, యూదుల విశ్రాంతి దినం మొదలయ్యే వేళ, దీపాలు ఎవరు వెలిగించేవారు, రొట్టె ఎవరు చేసేవారు, నాన్నగారు ఏం పని చేసేవారు, ఇవి అడగండి. హోలోకాస్ట్ సాక్ష్యాలు సేకరించే షోవా ఫౌండేషన్ వాళ్లు 1994 నుంచి 50,000కు పైగా సాక్ష్యాలను వీడియో తీశారు. అందులో సుమారు ఐదో వంతు యుద్ధానికి ముందు జీవితానికి, ఇంకో ఐదో వంతు తర్వాతి జీవితానికి కేటాయించారు. ఈ లెక్క నాకు చాలా సరైనదనిపిస్తుంది. ఏం పోయిందో వినకపోతే పోవడం అంటే ఏమిటో వినేవాడికి తెలియదు.

ఇక మౌనం. ఈ పాఠంలో కష్టమైనది ఇదే.

ఆవిడ మాట మధ్యలో ఆగిపోతారు. కిటికీ వైపు చూస్తారు. మీకు టెన్షన్ మొదలవుతుంది, ఏదో ఒకటి అడిగేయాలనిపిస్తుంది. అడగకండి. మనసులో పది లెక్కపెట్టండి, చాలకపోతే ఇంకో పది. "అయ్యో", "నాకర్థమైందండీ" లాంటివి కూడా వద్దు. మనకు అర్థం కాలేదు, అవుతుందనీ అనుకోకూడదు. ఊఁ కొట్టకుండా తల ఊపండి, లేకపోతే టేపు నిండా మీ గొంతే ఉంటుంది. కన్నీళ్లు వస్తే "కాసేపు ఆపమంటారా?" అని అడిగి, నిర్ణయం ఆవిడకే వదిలేయండి. మనకు కష్టంగా ఉందని మనమే ఆపేస్తే, వాళ్ల మాటను ఎవరూ భరించలేరని వాళ్లకు చెప్పినట్టవుతుంది.

ఇది నేను నేర్చుకున్నది మా అమ్మమ్మ దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి గురించి ఆవిడ చెబుతోంది. ఒకచోట ఆగిపోయింది. నేను ఆగలేక "మన వీధిలో ఎంతమంది పోయారు?" అని అడిగాను. అమ్మమ్మ ఒక అంకె చెప్పి, గేదెకు కుడితి పెట్టాలని లేచిపోయింది. అప్పుడు ఆవిడ నోటి దాకా వచ్చింది ఒక పేరు అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ పేరు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

అడగకూడని ప్రశ్న ఇంకొకటి ఉంది: "ముందే ఎందుకు పారిపోలేదు?" తెలుసుకోవాలనే అడుగుతాం, వాళ్లకు మాత్రం తప్పంతా వాళ్లమీదే వేసినట్టు వినిపిస్తుంది. "ఆ రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లు ఏం అనుకునేవారు?" అని అడగండి. వీసాలు దొరకకపోవడం, ముసలి తాతను వదిలి వెళ్లలేకపోవడం అన్నీ వాటంతటవే వస్తాయి. అలాగే "భయమేసిందా?" అంటే అవుననో కాదనో చెప్పి ఊరుకుంటారు. "తర్వాత ఏమైంది?" అన్నది అన్నిటికంటే మంచి ప్రశ్న.

వాళ్లు చెప్పింది చరిత్ర పుస్తకంతో సరిపోకపోతే? దోరీ లౌబ్ అనే మనోవైద్యుడు దీని గురించి రాశారు. ఆయన కూడా చిన్నతనంలో ఆ నరకం నుంచి బయటపడినవారే. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న వీడియో భాండాగారానికి పునాది 1979లో ఆయన, ఒక టీవీ జర్నలిస్టు కలిసి వేశారు. అక్కడ ఒక స్త్రీ నాజీల మరణ శిబిరమైన ఆష్విట్జ్‌లో ఖైదీల తిరుగుబాటు గురించి చెబుతూ, శవాలు కాల్చే కొలిమిల చిమ్నీలు నాలుగు పేలిపోవడం చూశానంది. 1944 అక్టోబరు 7న జరిగిన ఆ తిరుగుబాటులో పోయింది ఒక్క చిమ్నీయే కాబట్టి ఆమె సాక్ష్యాన్ని నమ్మలేమని చరిత్రకారులు అన్నారు. లౌబ్ ఒప్పుకోలేదు. ఆష్విట్జ్‌లో ఎవరైనా ఎదురు తిరగడమే ఊహకందని సంగతి, అది జరగడం తాను చూశానని ఆమె చెబుతోంది, దానికి ఆమె సాక్షి అన్నారాయన. ఆ పేలుడుకు మందుగుండును అక్కడి ఆయుధాల కర్మాగారంలో పనిచేసే స్త్రీలు కొంచెం కొంచెంగా దాచి చేరవేశారు. అందుకు నలుగురిని 1945 జనవరిలో ఉరితీశారు. ఇంత తెలిసినా సరే, మీరు ఎదురుగా కూర్చుని "కాదండీ, ఒక్కటే" అని దిద్దకండి. టేపును కత్తిరించకండి. ఇంటికొచ్చాక విడిగా ఒక కాగితం మీద, పలానా నిమిషం దగ్గర చెప్పిన సంఖ్యకు రికార్డుల్లో ఇలా ఉంది అని రాసి, టేపుతోపాటు ఉంచండి. అసలు ఇదంతా జరగనే లేదని వాదించేవాళ్లు ఇలాంటి తేడాల కోసమే కాచుకుని ఉంటారు. మీ కాగితం ముందే సిద్ధంగా ఉండాలి.

కథను విడుదల రోజు దగ్గర ఆపేయకండి. సైనికులు గేటు తెరిచాక ఎక్కడికి వెళ్లారు, బతికున్నవాళ్ల జాబితాల్లో ఎవరి పేరు వెతికారు, సొంత ఇంట్లో ఎవరు కాపురం ఉంటున్నారు? పోలండ్‌లోని కియెల్త్సెలో 1946 జూలైలో, అంటే యుద్ధం అయిపోయిన ఏడాదికి, తిరిగొచ్చిన యూదుల్ని అల్లరిమూక 40 మందికి పైగా చంపింది. చాలామంది ఆ తర్వాత ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. సొంత పిల్లలకు ఎప్పుడు చెప్పారో, అసలు చెప్పారో లేదో అడగండి.

రెండు గంటలు దాటనివ్వకండి. చివర్లో ఫొటోలు తెప్పించి, ఒక్కొక్కదాన్ని చూపిస్తూ అందులో ఎవరెవరున్నారో పేర్లు చెప్పించండి. "ఇంకా చెప్పాలనిపించేది ఏమైనా ఉందా?" అని అడిగి మళ్లీ ఆగండి. రికార్డరు ఆపేశాక వెంటనే సర్దుకుని లేవకండి. టీ తాగండి, ఈనాటి మాటలు మాట్లాడండి. ఆ రాత్రి వాళ్లకు నిద్ర పట్టకపోవచ్చు. మర్నాడు ఉదయం తప్పకుండా ఫోన్ చేయండి, లేదా వెళ్లి చూడండి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న పెద్దవాళ్లను అడిగి, చిన్ననాటి ఇంటి గురించి అరగంట రికార్డు చేయండి. తర్వాత విని, మీరు మాటకు అడ్డుపడిన ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకోండి. మళ్లీ అదే మనిషితో ఇంకో అరగంట. వచ్చే పాఠంలో టేపును కాగితం మీదికి ఎక్కించడం నేర్చుకుందాం. మౌనాలను ఎలా రాయాలో కూడా అందులోనే ఉంటుంది, అందుకని ఈ రెండు రికార్డింగులూ చెరిపేయకండి.