వేటకు వెళ్లేవారు లైఫ్ జాకెట్‌ను ఎంచుకునే పద్ధతి

కొత్తపట్నం నుంచో జువ్వలదిన్నె నుంచో వేటకు బయలుదేరేవారు లైఫ్ జాకెట్ కొనేటప్పుడు రంగు, ధరల కంటే ముందు దాని లోపలి చీటీపై ముద్రించిన న్యూటన్ల సంఖ్యను, అంటే నీటిలో మనిషిని పైకి తేల్చే శక్తి కొలతను చూడాలి. 50 న్యూటన్ల జాకెట్ ఒడ్డుకు దగ్గరలో, ఈత వచ్చినవారికి మాత్రమే తగినది. 100 న్యూటన్లంటే సుమారు పది కిలోల బరువును పైకి నెట్టే శక్తి, అది అలల తాకిడి తక్కువగా ఉండే నీటికి సరిపోతుంది. నడిసంద్రానికి వెళ్లేవారు 150 న్యూటన్లది తీసుకోవడం మేలు.

గ్యాస్‌తో ఉబ్బే జాకెట్ తేలికగా ఉంటుంది గానీ, గాలాలు, చేపముళ్లు నిత్యం తగిలే పడవలో దానికి చిల్లు పడే ప్రమాదం ఉంది, పైగా ఒకసారి గ్యాస్ వదిలిన సిలిండర్‌ను మార్చాల్సిందే. అందుకే ఫోమ్ జాకెట్టే మన వేటకు అనువైనదని నా అభిప్రాయం.

దుకాణంలోనే జాకెట్ తొడుక్కుని, బకిల్స్ అన్నీ బిగించి, పక్కవారిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల వరకు వస్తే సైజు పెద్దదైనట్లే. తొడల మధ్య నుంచి బిగించే పట్టీ ఉంటే నీటిలో జాకెట్ పైకి జారదు. ఈల, వెలుతురు పడితే మెరిసే పట్టీలు తప్పనిసరిగా ఉండాలి. పిల్లలకైతే వారి బరువుకు తగినదే కొనాలి.

జాకెట్‌ను తలగడగా వాడే అలవాటు మనలో చాలామందికి ఉంది, అలా నలిగిన ఫోమ్ తేలే శక్తిని కోల్పోతుంది. వేట ముగిశాక మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాలి.