పాత టోపో మ్యాప్‌తో నెవాడా ఎడారికి వెళ్లేముందు

అమెరికా జియలాజికల్ సర్వే తన పాత టోపో మ్యాపులను (నేల ఎత్తుపల్లాలు, దారులు, నీటి చోట్లు చూపే పటాలు) స్కాన్ చేసి టోపోవ్యూ సైట్‌లో ఉచితంగా పెట్టింది. 1880ల నాటివీ ఉన్నాయి. వాటిని ఫోన్‌లోకి దించుకుని, ఉత్తర నెవాడాలో పాడుబడ్డ రాంచ్‌లు (పశువుల పెంపకం స్థలాలు) చూడ్డానికి ఎండాకాలంలో బయల్దేరేవాళ్లు కొన్ని సంగతులు గమనించాలి.

అన్నిటికన్నా ముందు నీళ్లు. మ్యాప్‌లో నీలం రంగు ఊట గుర్తు ఉందంటే సర్వే చేసిన ఏడాది అక్కడ నీరుందని మాత్రమే. ఈపాటికి అది ఎండిపోయి ఉండొచ్చు, లేదా రాంచ్‌వాళ్లు పైపు వేసి దిగువన పశువుల తొట్టిలోకి మళ్లించి ఉండొచ్చు. గాలిమర గుర్తు చూస్తే నాకు భలే ముచ్చట, కానీ దాన్ని నమ్మి క్యాన్ ఖాళీగా తీసుకెళ్లను. నీరు దొరికినా ఉప్పుగానో, పశువులు తొక్కిన బురదగానో ఉంటుంది. మనిషికి రోజుకు 4 లీటర్లు, బండి ఆగిపోతే ఇంకో రెండు రోజులకూ సరిపడా మోసుకెళ్లాలి. పైగా ఊటలున్న చోట్లను ఒకప్పటి సెటిలర్లు ముందే సొంతం చేసుకున్నారు. చుట్టూ ప్రభుత్వ భూమే అయినా ఆ ముక్క ప్రైవేటుది కావచ్చు, అడిగి వెళ్లండి. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి.

మ్యాప్‌లో ఊదా రంగులో ఉన్నవి తర్వాత విమాన ఫొటోలు చూసి చేర్చినవి. చాలావరకు ఎవరూ నేల మీదకి వెళ్లి సరిచూడలేదు.

భూమి మీద చోటును అంకెల్లో చెప్పడానికి వాడే ఆధార లెక్కను డేటమ్ అంటారు. పాత షీట్లు (ఒక్కో మ్యాప్ ఒక షీట్) నాడ్ 27 అనే డేటమ్‌లో, ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్‌లో ఉంటాయి. అక్షాంశ రేఖాంశాలు అలాగే కొడితే ఇక్కడ దాదాపు 80 మీటర్లు, యూటీఎం (చోటును మీటర్లలో చెప్పే గడుల పద్ధతి) అంకెలైతే సుమారు 200 మీటర్లు తప్పుతాయి. వదిలేసిన గనుల గుంతలున్న చోట అది చిన్న తేడా కాదు. యాప్‌లో డేటమ్‌ను షీట్‌కు తగ్గట్టు మార్చుకోండి. కంపాస్ వాడేవాళ్లు మ్యాప్ అంచున ఉన్న డిక్లినేషన్ (అసలు ఉత్తరానికీ కంపాస్ ముల్లు చూపే ఉత్తరానికీ మధ్య కోణం) అంకెను నమ్మొద్దు: 1950లలో 17, 18 డిగ్రీలు తూర్పుగా ఉన్నది ఇప్పుడు 13 దగ్గరకు వచ్చింది.

కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య 40 అడుగుల ఎత్తు తేడా ఉన్న షీట్‌లో 30 అడుగుల రాతి గోడ అసలు కనిపించకపోవచ్చు. పక్కపక్కన సాగే రెండు తెగిన గీతలు మట్టిదారికి గుర్తు. ఇప్పుడది వాగులో కొట్టుకుపోయిందేమో శాటిలైట్ ఫొటోలో చూసుకోండి. బ్లాక్ రాక్ లాంటి ఎండిన సరస్సు అడుగు మీదకి వాన పడ్డాక బండి దించొద్దు, చక్రాలు కూరుకుపోతాయి.

చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. షీట్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఆ షీట్ పేరు, తిరిగొచ్చే సమయం ఇంట్లో రాసిచ్చి వెళ్లండి.