చలికాలంలో కుక్కకు కాలక్షేపం – మూడో పాఠం: ముక్కునిండా పని

కిందటి పాఠంలో నడక వేళలు చెప్పుకున్నాం: మంచు విడిచాక ఒకసారి, పొద్దు వాలకముందు ఒకసారి. చాలామందికి చిక్కు అక్కడే వస్తుంది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, మా సిమిలిగుడలో, అటు పొట్టంగి వైపు, పుష్యమాసంలో కొన్ని రోజులు ఎనిమిది దాటినా ఎదురింటి గుమ్మం కనబడదు. సాయంత్రం ఐదుంపావుకల్లా సూర్యుడు కొండ దిగిపోతాడు. మధ్యలో ఉన్న ఎండ కాస్తా డ్యూటీలోనో దుకాణంలోనో గడిచిపోతుంది. అందుకే ఈ పాఠం గడప దాటకుండా చేసేది. కావలసింది మూడు బుట్టలు, గుప్పెడు తిండి, పది నిమిషాలు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా చుక్క నాటు కుక్క. పొట్టి బొచ్చు, నుదుట తెల్ల మచ్చ. మొదటి చలికాలంలో నాన్నగారి నులక మంచం సగం కొరికేసింది. ఒంట్లో బలం ఎక్కువై అలా చేస్తోందనుకుని, వసారాలో బంతి విసిరి విసిరి పరిగెత్తించాను. వారం తిరిగేసరికి దాని ఓపిక ఇంకా పెరిగింది, నులక కొరకడం మాత్రం మానలేదు. కాళ్లకి పని చెప్పాను గాని, దాని ముక్కు ఖాళీగానే ఉంది. అది అర్థం కావడానికి నాకు ఒక చలికాలం మొత్తం పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముక్కు ఎలా పనిచేస్తుంది

వాసన పట్టే గ్రాహకాలు మనకి సుమారు 50 – 60 లక్షలు ఉంటే, కుక్కకి జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. వెతికేటప్పుడు అది సెకనుకు ఐదారు సార్లు గాలి పీలుస్తుంది. ఒకరోజు వంటింట్లో రాగిపిండి ఒలికింది. చుక్క వచ్చి వాసన చూస్తుంటే పక్కనే కూర్చుని గమనించాను. ముక్కు ముందున్న పిండి అంతగా కదలలేదు, రెండు పక్కలా మాత్రం సన్నటి పాయలుగా వెనక్కి లేచింది. కుక్క ముక్కు చివర పక్కలకి చీలికలు ఉంటాయి. వదిలిన గాలి వాటిలోంచి పక్కకి పోతుంది, ముందున్న వాసన చెదరకుండా మళ్లీ లోపలికి వస్తుంది. మీ కుక్క ముక్కు దగ్గరగా చూడండి, ఆ చీలికలు కనిపిస్తాయి.

ఈ పాఠానికి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. నోరు తెరిచి వగరుస్తున్న కుక్క సరిగ్గా వాసన పట్టలేదు, కాబట్టి పరుగుల తర్వాత ఈ ఆట పెట్టకండి. రెండోది, తిండి చల్లబడితే దాన్నుంచి వాసన తక్కువ లేస్తుంది. చలి పొద్దుల్లో ముక్కల్ని ముందు ఓ నిమిషం గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టండి.

తిండి

ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముక లేకుండా, శనగగింజంత ముక్కలు. మాంసం వండని ఇళ్లలో ఉడికిన చిలగడదుంప చాలు. సంతలో దొరికే ఎండుచేప వాసనకి కుక్క పరిగెత్తుకొస్తుంది గాని, దాన్నిండా ఉప్పే. వాడకపోవడమే మేలు. ఆటలో పెట్టిన మేర రాత్రి తిండిలో తగ్గించండి.

ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ దగ్గరకి రానివ్వకండి. మన జిల్లా వాళ్లకి ఇంకో జాగ్రత్త ఉంది. కోరాపుట్ చుట్టుపక్కల కాఫీ పళ్లు కోసి వాకిళ్లలో ఆరబెట్టేది సరిగ్గా ఈ నెలల్లోనే. కాఫీలోని కెఫీన్ కుక్కకి విషం. గుండె దడ, వాంతులు, వణుకు వస్తాయి, ఎక్కువ తింటే ప్రాణం మీదికే వస్తుంది. వెతికి తినడం నేర్పుతున్న ఈ రోజుల్లో, ఆరబోసిన కాఫీ దగ్గరికి కుక్కని ఒంటరిగా వదలకండి. తిన్నదని అనుమానం వస్తే ఆగి చూడకుండా పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

అభ్యాసం

సంతలో అమ్మే చిన్న వెదురు బుట్టలు మూడు తీసుకోండి. బోర్లించినా అల్లిక సందుల్లోంచి వాసన బయటికి వస్తుంది. స్టీలు గిన్నె నేలకి తగిలి ఖంగుమంటే పిరికి కుక్క మళ్లీ దగ్గరికి రాదు. ఆట అవగానే బుట్టలు తీసి పైన పెట్టండి, కొరికితే వెదురు పేళ్లు గుచ్చుకుంటాయి.

మొదటి రెండు రోజులు ఒక్కటే బుట్ట. కుక్క చూస్తుండగానే ముక్క పెట్టి బోర్లించండి. మూతితో బుట్టని తోయగానే ఎత్తి తిననివ్వండి. వెంటనే ఇంకో ముక్క అదే చోట, నేల మీదే పెట్టండి. చేత్తో అందించారంటే అది బుట్టని వదిలి మీ చేతి వెంట పడుతుంది.

మూడో రోజు నుంచి మూడు బుట్టలు, మూరెడేసి దూరంలో. పెట్టేటప్పుడు కుక్కని వేరే గదిలో ఉంచండి. ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మొదటిసారి ఎడమ బుట్టలో పెట్టి, రెండోసారి కుడి బుట్టలో పెడతారు. కుక్క ఎడమ బుట్ట దగ్గరికే వెళ్తుంది, "తప్పు" అంటారు. దానిది తప్పు కాదు, ఆ బుట్టకి మాంసం వాసన ఇంకా అంటుకునే ఉంది. ముక్కల కోసం ఒకే బుట్ట ఖాయం చేసుకుని, దాని చోటు మార్చండి.

పిలుపు మాట కూడా ఒక్కటే ఉండాలి. మా ఇంట్లో అమ్మమ్మ "ఎతుకు" అనేది, నేను "వెతుకు" అనేదాన్ని, ఒడియా బడికి వెళ్లే పిల్లలు "ఖోజ" అనేవాళ్లు. పాపం చుక్క ముగ్గురి మొహాలూ చూస్తూ నిలబడిపోయేది. చివరికి పిల్లల మాటే ఖాయం చేశాం.

చూపించకండి

ఈ పాఠంలో కష్టమైనది ఇదొక్కటే. కుక్క మూడు బుట్టల మధ్య తచ్చాడుతుంటే మన వేలు దానంతటదే లేస్తుంది, "అదుగో, అక్కడ" అనేస్తాం. నేను నాలుగు రోజులు అలాగే చేశాను. ఐదో రోజుకి చుక్క బుట్టల వైపు చూడడమే మానేసి, నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని కూర్చుంది. మళ్లీ ఒక బుట్ట దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

షార్లెట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకులు 2019లో ఇలాంటి విషయమే పరీక్షించి ప్రచురించారు. 20 పెంపుడు కుక్కల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు రెండు వారాలు వాసన పట్టి వెతికింది, రెండోది యజమాని పక్కనే క్రమంగా నడవడం సాధన చేసింది. రెండు జట్లకీ తాయిలాలు అందాయి. తర్వాత, తిండి ఉందో లేదో తేలని చోట గిన్నె పెడితే, వెతికిన జట్టు ముందుకంటే త్వరగా దాని దగ్గరికి వెళ్లింది, అంటే తిండి దొరుకుతుందన్న ఆశ పెరిగిందన్నమాట. నడిచిన జట్టులో ఆ మార్పు రాలేదు. సొంతంగా వెతికి తేల్చుకునే అవకాశమే ఈ తేడాకి కారణం కావచ్చని వాళ్లు అన్నారు. మనం వేలు చూపించామంటే ఆ అవకాశాన్నే లాక్కుంటున్నాం.

కాబట్టి చేతులు వెనక్కి కట్టుకోండి. కుక్క మీ మొహం చూస్తే మీరు గోడ వైపు చూడండి. మనసులో అరవై లెక్కపెట్టండి. అప్పటికీ దొరక్క పక్కకెళ్లి పడుకుంటే, బుట్టలన్నీ తీసేసి ఇంకా తేలిగ్గా పెట్టండి.

పూటకి నాలుగైదుసార్లు చాలు. ఇంకా కావాలని తోక ఊపుతున్నప్పుడే ఆపాలి. తర్వాత నీళ్లు పెట్టి, సిమెంటు నేల మీద గోనెసంచి రెండు మడతలు వేసి పరవండి. చాలా కుక్కలు నేరుగా వెళ్లి పడుకుంటాయి. కీళ్లు పట్టేసిన ముసలి కుక్కలకి ఈ ఆట మరీ మంచిది, కాళ్లు జారకుండా కింద గోనె వేస్తే చాలు. ఇంట్లో రెండు కుక్కలుంటే విడివిడిగా ఆడించండి. తిండి దగ్గర గుర్రుమనే కుక్క అయితే పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

ఒక కాగితం మీద రోజూ తేదీ, ఎన్ని సెకన్లలో కనుక్కుందీ రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో బుట్టల్ని పెరట్లోకి, గాలిలోకి తీసుకెళ్తాం. అప్పుడు ఈ లెక్క కావాలి. ఈలోగా నాలుగు ఖాళీ అట్టపెట్టెలు, ఒక పాత తువ్వాలు పక్కన పెట్టి ఉంచండి. తువ్వాలు ఉతకొద్దు.