మనోడు షిప్పు ఎక్కేముందు, పైరేట్ల చేతిలో పడితే: ఇంట్లోవాళ్లు చేయాల్సినవి

కడప పక్క మనకు సముద్రమే లేదు, పిల్లోడు మర్చంట్ నేవీకి పోతే ఇంట్లోవాళ్లకు ఏం అడగాలో తెలీదు, అందుకే రాస్తాండా.

ముందు ఏజెంటు సంగతి. డీజీ షిప్పింగ్ (షిప్పుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు, అంటే సీమెన్‌ను పనికి పంపే ఏజెంట్ల లైసెన్సు నంబరు అడిగి వాళ్ల వెబ్‌సైట్లో చూడండి. నంబరు లేకున్నా, ఉద్యోగానికి లక్షలు అడిగినా లేచి వచ్చేయండి, అట్లాంటోడు రేపు ఆపద వస్తే ఫోన్ కూడా ఎత్తడు.

అగ్రిమెంటు కాపీ ఇంట్లో ఉండాల. షిప్పు ఐఎంఓ నంబరు కూడా రాసిపెట్టుకోండి, 7 అంకెలు, షిప్పు పేరూ జెండా మారినా అది మారదు. ఎంఎల్‌సీకి (షిప్పుల్లో పనిచేసేవాళ్ల హక్కుల మీద దేశాల మధ్య ఒప్పందం) వచ్చిన సవరణ 2020 డిసెంబర్ 26 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం కాంట్రాక్టు గడువు దాటినా సరే బందీగా ఉన్నన్నాళ్లూ జీతం, అందులో నెలనెలా ఇంటికొచ్చే వాటా (అలాట్‌మెంటు) ఆగకూడదు. కంపెనీ నసిగితే ఇదే మాట రాతలో పెట్టండి.

రూటు అడగండి. 2020లో లోకం మొత్తంలో కిడ్నాపైన 135 మంది సీమెన్‌లో 130 మంది ఆఫ్రికా పడమటి పక్క ఉండే గల్ఫ్ ఆఫ్ గినియాలోనే. సోమాలియా పక్క సద్దుమణిగింది అనుకుంటాంటే 2023 డిసెంబర్లో ఎంవీ రూయెన్ అనే షిప్పును పైరేట్లు పట్టుకున్నారు, 2024 మార్చిలో మన నేవీ పోయి 17 మందిని విడిపించి 35 మంది పైరేట్లను పట్టుకొచ్చింది.

ఎక్కిన రోజే సిటాడెల్ ఎక్కడుందో చూసుకోమనండి, అంటే లోపల గడియేసుకుని దాక్కునే చోటు. అందరూ లోపలుంటేనే నేవీ ధైర్యంగా షిప్పెక్కగలదు, ఒక్కడు బయట చిక్కినా కష్టమే.

ఇంక పట్టుకున్నారే అనుకోండి, వాళ్లే మనోడి చేత శాటిలైట్ ఫోన్లో ఇంటికి చేయిస్తారు, కొడతాండారు అమ్మా డబ్బు కట్టమని చెప్పు అని ఏడిపిస్తారు, మనం భయపడి కంపెనీ మీద పడాలనే ఇదంతా. ఆ టైములో ఇంత ఇస్తాం అంత ఇస్తాం అని నోరు జారొద్దండి, నాయనా ధైర్యంగా ఉండు, మాట్లాడతాండాం అని మాత్రం అనండి, ఎన్ని గంటలకు చేసినారు ఏమన్నారు అన్నీ నోటుబుక్కులో రాసి కంపెనీకి, డీజీ షిప్పింగ్‌కు చెప్పండి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

డబ్బు కట్టినారు కదా అని ఊరుకోవద్దు. ఆస్ఫాల్ట్ వెంచర్ అనే షిప్పును సోమాలియా పైరేట్లు 2010లో పట్టుకుని, 2011 ఏప్రిల్లో డబ్బు తీసుకుని షిప్పును వదిలి 7 మంది మనదేశం వాళ్లను మాత్రం ఉంచేసుకున్నారు, వాళ్లు బయటపడింది 2014 అక్టోబర్లో. అన్నేళ్లు ఆ ఇండ్లల్లో అన్నం ఎట్ల దిగిందో! అందుకే సీమెన్ యూనియన్‌కు, కలెక్టరుకు, ఎంపీకి అర్జీలు పెడ్తానే ఉండండి, ప్రతిదానికీ ముద్ర వేయించుకున్న కాపీ దాచండి.

ఇంటికొచ్చినాక నిద్రపట్టక ఉలిక్కిపడతాంటే దిష్టి తీసి వదిలేయకుండా మానసిక డాక్టరుకు చూపించండి, ఐస్వాన్ (సీమెన్ మంచిచెడ్డలు చూసే సంస్థ) వాళ్ల సీఫేరర్‌హెల్ప్ అనే ఫోన్ లైను 24 గంటలూ ఉంటుంది, ఫ్రీ, ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు.